దయ్యానికి చదివింపులు

మొన్న నాకు మేనకోడలి వరసయ్యే అమ్మాయి దుబాయ్ నుంచి వస్తూ చిన్న గాజు సీసాలో బఖూర్ తెచ్చి ఇచ్చింది. అత్తరులో నానబెట్టిన చెక్కముక్కలవి. నిప్పుల మీద వేస్తే తియ్యగా, బరువుగా, కాస్త డబ్బున్నట్టుగా పొగ లేస్తుంది. ఆ పూట ఇంట్లో ఉన్నవాళ్ళంతా ఎవరికి తోచినట్టు వాళ్ళు ఆ వాసనను పోల్చారు. ఒకరికి అరబ్బుల పెళ్ళిపందిరి గుర్తొచ్చిందట, ఇంకొకరికి పెద్ద హోటల్లో లిఫ్టు గుర్తొచ్చిందట. నాకు మాత్రం దయ్యం గుర్తొచ్చింది. పైకి అంటే పాస్టరు గారిని పిలిపించి ప్రార్థన పెట్టిస్తారేమోనని ఊరుకున్నాను కానీ, నేను ఎరిగిన దయ్యం అచ్చంగా ఈ వాసనే వేసేది. అది కరీంనగర్ వైపు దయ్యం. పగలు సిమెంటు బ్లాకులు మోసేది, శుక్రవారాలు మా ఇంటికొచ్చి చేపల పులుసు తినేది.

ఎనభైల మొదట్లో మేం ఉమ్ అల్ క్వైన్‌లో ఉండేవాళ్ళం. అది దుబాయ్ కాదు, దుబాయ్ దాటాక సముద్రంలోకి నాలుక చాపి పడుకున్న చిన్న ఊరు. అయినా నరసాపురం దగ్గర మా వాళ్ళకి ఆ తేడా చెప్పి ఒప్పించడం ఎవరివల్లా కాలేదు, మేం ఎక్కడున్నా దుబాయ్‌లో ఉన్నట్టే లెక్క. అమ్మ అక్కడి ఆసుపత్రిలో నర్సు. నాన్న సిమెంటు బ్లాకుల ఫ్యాక్టరీలో పికప్ నడిపేవాడు. ఎండాకాలంలో కుళాయి తిప్పితే టీ పెట్టుకోవచ్చన్నంత వేడినీళ్ళు వచ్చేవి, అవీ ఉప్పన. బకెట్లలో పట్టి చల్లారనిచ్చి అప్పుడు ఒంటిమీద పోసుకునేవాళ్ళం. ఆగస్టులో సముద్రం మీంచి వచ్చే తేమకి గోడకున్న క్యాలెండరు కూడా మెత్తబడి వంగిపోయేది, గోడలో బిగించిన ఏసీ ముసలాయనలా దగ్గుతూ కిందపెట్టిన పాలపొడి డబ్బాలోకి చుక్కలు చుక్కలుగా కార్చేది. శీతాకాలం మాత్రం మారాజులా వచ్చేది. పొద్దున్నే పొగమంచు దిగి ఎదురింటి మేకలు కనపడేవి కావు, వాటి అరుపులు మాత్రం వినపడేవి. మూలమీది పఠాను కొట్లో పొయ్యిలోంచి తీసిన కుబూస్ రొట్టెల్ని పాత పేపర్లో చుట్టి ఇస్తే, ఇల్లు చేరేసరికి ఇంట్లో వాళ్ళకి పేపరు మిగిలేది. సాయంత్రాలు విరిగిన బ్లాకు ముక్కలతో ఏడుపెంకులాట. మా జట్టులో మలయాళీ పిల్లలు, ఒక బలూచీ పిల్ల, ఎదురింటి అరబ్బు ముసలమ్మ ఉమ్ సయీద్ మనవలు ఉండేవారు. తిట్టుకోవడం అరబ్బీలో, లెక్క పెట్టుకోవడం హిందీలో, ఏడవడం మాత్రం ఎవరి భాషలో వాళ్ళం.

అమ్మకి డ్యూటీ, నాన్నకి డ్యూటీ, ఇంట్లో నాకు ఒంటరితనం డ్యూటీ. ఆ డ్యూటీలోనే కథలు రాయడం పట్టుబడింది. నెల అయిపోగానే క్యాలెండరు కాగితం చింపి, వెనక తెల్లగా ఉన్న వైపు రాసేదాన్ని. అన్నీ దేవదూతల కథలూ దయ్యాల కథలే, ఎందుకంటే నాకు తెలిసిన లోకంలో వీళ్ళిద్దరూ తప్ప మిగిలినవాళ్ళంతా షిఫ్టుల్లో ఉండేవాళ్ళు. ఏసీలో ఒక దయ్యం కాపరం ఉండేది, దానికి ఎప్పుడూ జలుబు. నీళ్ళ ట్యాంకరులో ఇంకో దయ్యం ఉండేది, అది ట్యాంకరు డ్రైవరు చెవిలో ఊది మా వీధి మర్చిపోయేట్టు చేసేది. గాలిదుమారం దయ్యానికి ఆరేసిన బట్టలంటే పిచ్చి. దయ్యాలు అలా కలం పెట్టగానే వచ్చి కూర్చునేవి, కబుర్లు చెప్పేవి, ఆకలేస్తే ఆకలనేవి. దేవదూతలతోనే వచ్చింది చిక్కు. వాళ్ళు కథ చివర్న తెల్లబట్టల్లో దిగేవారు, చెయ్యి ఎత్తేవారు, "ఇకనైనా బుద్ధిగా ఉండు" అనేవారు, ఎగిరిపోయేవారు. మా బడి హెడ్‌మిస్ట్రెస్ కూడా అంతే చేసేది, ఎగరడం ఒక్కటి తప్ప.

బడి సంగతి ఎత్తక తప్పదు. పక్క ఊళ్ళో ఇంగ్లీషు మీడియం బడి, బస్సులో వెళ్ళి రావడం. ఆరో తరగతిలో నేను ఒకసారి తప్పాను, రెండోసారీ తప్పాను. ప్రాణ స్నేహితుడి మీద వ్యాసం రాయమంటే ఏసీలో దయ్యం మీద రాశాను. టీచరు దాన్ని అమ్మానాన్నల ముందు చదివి వినిపించింది, నాన్నకి నవ్వొచ్చి దగ్గుగా మార్చుకున్నాడు. ఇక ఈ పిల్లని ఉంచుకోలేమని బడివాళ్ళు అన్నారు. నాన్న ఆలోచన నన్ను ఊరు పంపి మిషన్ హాస్టల్లో వెయ్యడం. అప్పట్లో గల్ఫు నర్సుల పిల్లలు చాలామంది అలాగే పెరిగారు, రెండేళ్ళకోసారి వచ్చే అమ్మని గుర్తుపట్టడానికి ఫొటో చూసుకుంటూ. అమ్మ సరేననలేదు, కాదనలేదు. సంచి సర్దినట్టే సర్ది, మళ్ళీ బట్టలు తీసి బీరువాలో పెట్టేది.

మా తెలుగు క్రైస్తవ కుటుంబాలన్నిటికీ పెద్ద జీవరత్నం అంకుల్. ఆసుపత్రి ఆఫీసులో పని, బడి కమిటీ వాళ్ళతో పరిచయం, ఇస్త్రీ చెదరని తెల్లచొక్కా. ఆయన ఒక మాట చెప్తే బడి నన్ను ఇంకో ఏడాది భరిస్తుందని అమ్మ ఆశ. వెళ్ళి అడిగింది. ఆయన చాలాసేపు ఆలోచించి, "పిల్ల ఏవో రాస్తుందంటున్నారు కదమ్మా, క్రిస్మస్‌కి మంచి నాటిక ఒకటి రాయమనండి, దేవదూత గెలిచేట్టు. నలుగురూ చూసి బాగుందంటే, ఆ ముక్క పట్టుకునే వెళ్ళి నేను మాట్లాడతాను" అన్నారు. అలా నా కాపరం ఇక్కడా హాస్టల్లోనా అన్నది ఒక దేవదూత నోటిమాట మీద ఆధారపడింది. నాకు చేతకానిది సరిగ్గా అదే.

కథ కుదిరింది. ఎడారిలో దారి తప్పిన మనిషి ఒకడు. దయ్యం వచ్చి నీళ్ళిస్తా, నీడిస్తా, నా వెంట రా అంటుంది. దేవదూత వచ్చి ఆపాలి. దారి తప్పినవాడి వేషం నాన్నది. ఆయనకి వేషం ప్రత్యేకంగా అక్కర్లేదు, పని చొక్కాతోనే వస్తే చాలు. దేవదూత జీవరత్నం అంకుల్ కూతురు షారోన్, ఫ్రిజ్ పెట్టెలో వచ్చిన థర్మోకోల్ కోసి రెక్కలు కూడా చేసుకుంది. దయ్యానికే మనిషి దొరకలేదు. పండగపూట దయ్యం వేషం ఎవరు కడతారు? ఒకాయన భార్య ఒప్పుకోదన్నాడు, ఒకాయన కొత్తగా బాప్తిస్మం తీసుకున్నానన్నాడు, ఎప్పుడూ అందరిమీదా అరిచే ఒకాయనైతే తనకి అసలు కోపమే రాదన్నాడు. అప్పుడు నాన్న ఫ్యాక్టరీ నుంచి రాజన్న మావయ్యని పట్టుకొచ్చాడు. జగిత్యాల దగ్గరి పల్లె ఆయనది. ఊళ్ళో కోతలయ్యాక ఆడే భాగోతాల్లో రాక్షసుడి వేషం వాళ్ళ ఇంటి సొత్తు, తండ్రి నుంచి వచ్చిందట.

వచ్చి గోడకి ఆనుకుని కూర్చుని, ముందు పులుసన్నం తిని, చెయ్యి కడుక్కుని అడిగాడు. "రాచ్చసుని పేరేంది బిడ్డా?"

"దయ్యం" అన్నాను.

"అది కులం. పేరేంది?"

ఆయనే మీసం నిమురుకుని "ఇసుకాసురుడు" అని పెట్టుకున్నాడు. ఆఖర్న ఓడిపోవాలి మావయ్యా, ఏమనుకోవద్దు అన్నాను. "ఓడుడు నాకు కొత్తనా? ఎన్ని ఊర్లల్ల ఓడిన్నో. మా నాయిన ఓడితె జనం ఏడ్సేది" అన్నాడు. ఆయనకి చదవడం రాదు. నేను మాటలు చదివి వినిపిస్తే, కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతూ పట్టేసేవాడు. తర్వాత ఒక్కొక్కటే కోరికలు బయటపెట్టాడు. తెర కావాలి, ఇద్దరు పట్టుకోవాలి, దాని వెనక ముందు కాళ్ళు కనపడాలి, తర్వాత వేళ్ళు, తర్వాతే మొహం. రాక్షసుడు రాగానే తన పేరూ ప్రతాపం తనే చెప్పుకోవాలి. వచ్చేముందు గుగ్గిలం పొగ లేవాలి. గుగ్గిలం ఉమ్ అల్ క్వైన్‌లో ఎక్కడ దొరుకుతుంది? ఉమ్ సయీద్ ని అడిగితే ఎందుకో ఏమిటో కూడా అడక్కుండా గుప్పెడు బఖూర్ ఇచ్చింది. మా దయ్యానికి అంత ఖరీదైన వాసన అలా అబ్బింది.

దేవదూతే మిగిలింది. రోజూ రాసి రోజూ కొట్టేసేదాన్ని. "పాపీ, వెనక్కి తిరుగు" అని రాస్తే, దయ్యం ఇస్తానన్న చల్లనీళ్ళ ముందు ఎవడు తిరుగుతాడనిపించేది. ఒక మధ్యాహ్నం అమ్మ చాలా ఆలస్యంగా వచ్చింది. ఆసుపత్రి బస్సు తప్పిపోతే ఎండలో నడిచొచ్చిందట. యూనిఫాం కూడా మార్చుకోకుండా ప్లాస్టిక్ టబ్బులో ఉప్పునీళ్ళు పోయించుకుని పాదాలు పెట్టి, కళ్ళు మూసుకుని చెప్పింది. కట్టడం మీంచి పడిన ఒక పెద్దాయన, ఏ దేశమో ఏ భాషో తెలీదు, ఆవిడ వేలు పట్టుకుని వదల్లేదట.

"మరేం చేశావమ్మా?"

"ఏం చేస్తానే బుల్లీ. అప్పటికే కాళ్ళు పీకేస్తున్నాయి. స్టూలు లాక్కుని కూర్చున్నాను. ఆయన నిద్రపోయాక లేచొచ్చాను."

అంతే చెప్పి కునుకు తీసింది, పాదాలు టబ్బులోనే ఉన్నాయి. నేను వెళ్ళి దేవదూత మాట రాసేశాను. ఈసారి కొట్టెయ్యలేదు.

పండగకి ముందు శుక్రవారం, జీవరత్నం అంకుల్ ఇంటి పెరట్లో, గోడల మధ్య ఇసుక పరిచిన ఆవరణలో చాపలేశారు. క్రిస్మస్ రోజు సెలవుండేది కాదు, మా పండగలన్నీ దగ్గర్లో ఉన్న శుక్రవారానికి సర్దుకునేవి. తడిపి ఆరబెట్టిన బియ్యం మిక్సీలో పట్టి, నల్లబెల్లం పాకంలో కలిపి, నువ్వులద్ది అమ్మావాళ్ళు వండిన పాకుండలు అటు గట్టిగానూ కాకుండా ఇటు మెత్తగానూ కాకుండా ఏవో అయ్యాయి. పాకం దగ్గర వాదించుకున్న నలుగురు నర్సులూ తప్పు మిక్సీ మీదకి తోసేశారు. గోరుమిటీలు మాత్రం కరకరలాడాయి. రాజన్న మావయ్య వేషం కడుతున్నాడని తెలిసి ఫ్యాక్టరీ కూలీలుండే రేకుల క్యాంపు నుంచి ఆయన ఊళ్ళవాళ్ళు పికప్ నిండా వచ్చారు. తలలకు నూనె పెట్టి, ఉతికిన చొక్కాలు తొడుక్కుని, ముందు వరసలో బాసింపట్లు వేసుకుని కూర్చున్నారు.

దుప్పటి తెర లేచింది. పొగ లేచింది. కింద పాదాలు కనపడ్డాయి, గజ్జెల బదులు తాళాల గుత్తులు కట్టిన పాదాలు. పైన పది వేళ్ళు, తర్వాత మసిపూసిన మొహం. "ఎవడనుకున్నవ్ నన్ను? ఇసుక నా పరుపు, ఎండ నా గొడుగు. నన్ను అడగంది గీ ఎడారిల నీడ సుత పడది. ఇసుకాసురున్ని రా నేను." చిన్నపిల్లలు అమ్మల ఒళ్ళోకి దూరారు. నాన్న నిజంగానే రెండడుగులు వెనక్కేశాడు. ఆ మాటలు సగం నావి, సగం రాజన్న మావయ్య వాళ్ళ నాయనవి. ఏవి ఎవరివో నాకే తెలియనంతగా కలిసిపోయాయి.

అక్కడే జరిగింది. నీళ్ళ సీసా చూపించి దయ్యం నాన్నని ఊరిస్తుండగా, ముందు వరసలోంచి క్యాంపు వంటాయన గంగారాం లేచి, నేరుగా ఆట మధ్యలోకి నడిచొచ్చి, కొత్త తువ్వాలు ఒకటి దయ్యం భుజమ్మీద కప్పాడు. రాజన్న మావయ్య తక్షణం ఆట ఆపేశాడు. వాళ్ళ ఊళ్ళో అది పద్ధతి. వేషం నచ్చినవాడు కానుక చదివిస్తాడు, వేషగాడు అక్కడికక్కడ ఆగి ఇచ్చినవాడి పేరు చెప్పి దీవించాలి. "ఆగుండ్రి ఆగుండ్రి. మన క్యాంపు వంటపెద్ద గంగారాం, రాచ్చసుని ఏషం జూసి సంబురపడి కొత్త తువ్వాల జదివించిండు. గంగారాం ఇల్లు సల్లగుండాలె, ఆయన బిడ్డకు మంచి సంబంధం కుదరాలె." గంగారాం కళ్ళు తుడుచుకున్నాడు. వెంటనే ఇంకొకడు లేచి సబ్బుబిళ్ళ చదివించాడు, ఇంకొకడు కూల్‌డ్రింక్ డబ్బా. ఒక్కొక్కడికీ పేరుపేరునా దీవెన. పక్కన షారోన్ రెక్కలు తొడుక్కుని, ఎత్తిన చెయ్యి దించాలో వద్దో తెలియక అలాగే నిలబడింది.

జీవరత్నం అంకుల్ లేచారు. "ఆపండయ్యా. క్రిస్మస్ పూట సైతాను దీవెనలివ్వడం ఏంటి?"

రాజన్న మావయ్యకి ఆ కోపం ఎందుకో నిజంగా అర్థం కాలేదు. "ఇచ్చినోని పేరు సెప్పకుంటె ఎట్ల సార్? చిన్నబోతడు గద" అన్నాడు. అందరూ నా వైపు చూశారు. అమ్మ మాత్రం నేలవైపు చూసింది. సంచి సర్దడానికి ఈసారి అడ్డేమీ లేదని నాకు తెలిసిపోయింది. ఏం చెయ్యాలో తోచక షారోన్ ని "నీ మాట చెప్పెయ్యవే" అని గిల్లాను.

షారోన్ రెక్కలు సర్దుకుని నాన్న దగ్గరికి వెళ్ళింది. నేను రాసింది రాసినట్టు, ఏడుపు గొంతుతో చెప్పింది. "నా దగ్గర నీళ్ళు లేవు. నీడ లేదు. చాలా దూరం నడిచొచ్చాను, నాకు కాళ్ళు నొప్పులుగా ఉన్నాయి. నీకు అభ్యంతరం లేకపోతే కాసేపు నీ పక్కన కూర్చుంటాను." కూర్చుంది. వెనక కుర్చీల్లో నర్సులంతా, చెప్పులు వదిలి చాపుకున్న కాళ్ళని ఒకేసారి చెప్పుల్లోకి లాక్కోవడం నాకు కనిపించింది.

గంగారాం మళ్ళీ లేచాడు. జేబులోంచి వాడగా మిగిలిన నొప్పుల మందు డబ్బా తీసి, రెండు చేతులతో తీసుకెళ్ళి, ఎంతో మర్యాదగా దేవదూత పాదాల దగ్గర పెట్టాడు. కానుక వచ్చాక చదవకుండా ఎలా? దేవదూతకి ఆ పద్ధతి తెలియదు కాబట్టి దయ్యమే గొంతు సవరించుకుని చదివింది. "గంగారాం, దేవదూత కాళ్ళ నొప్పులకు మందు జదివించిండు. దేవదూత కాళ్ళు సల్లగుండాలె, ఆ తల్లి ఇంకా శాన దూరం నడువాలె."

ముందు ఎవరు నవ్వారో తెలీదు. నర్సులు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నవ్వారు, నవ్వుతూనే కొంగులు కళ్ళకి అడ్డం పెట్టుకున్నారు. అమ్మ అంత గట్టిగా నవ్వడం నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు. ఆవిడ పళ్ళు అన్ని ఉంటాయని ఆ రోజే చూశాను. తర్వాత ఇసుకాసురుడు చచ్చిపోయాడు. కానీ భాగోతం పద్ధతిలో చచ్చిపోయాడు: పడి, లేచి, తూలి, నాన్న భుజం పట్టుకుని, పద్యం పాడి, మళ్ళీ పడి. ఈలోపు పాకుండల పళ్ళెం ఒక చుట్టు తిరిగొచ్చింది.

ఆట అయ్యాక పళ్ళాలు ఏరుతున్న అమ్మ దగ్గరికి జీవరత్నం అంకుల్ వచ్చారు. ఆయన చెడ్డవాడు కాదు, నొచ్చుకున్నాడంతే. "ఇది పట్టుకుని వెళ్ళి బడివాళ్ళకి ఏమని చెప్పనమ్మా? పిల్లని ఊరు పంపించెయ్యండి. అక్కడైతే భయం భక్తీ తెలుస్తాయి."

అప్పటిదాకా ఆయన మాటకి "ఆయ్, అలాగేనండి" తప్ప ఇంకోటి ఎరగని మా అమ్మ, చేతిలో పళ్ళాల దొంతరతో అంది. "పంపనండి."

"మరి బడో?"

"లేకపోతే మానె. డ్యూటీ నుంచొచ్చి, తాళం తీసుకుని, ఎవరూ లేని ఇంట్లోకి వెళ్ళడం నా వల్ల కాదండి. ఆ కాళ్ళనొప్పుల సంగతి ఇంట్లో ఎవరికో ఒకరికి తెలియాలి కదా."

నాన్న తలకి చుట్టుకున్న దారితప్పినవాడి గుడ్డ విప్పి, అమ్మ చేతిలోంచి పళ్ళాలు అందుకున్నాడు. అలా నా చదువు ఆరో తరగతిలో ఆగింది. తర్వాత నర్సుల పిల్లల్ని చూసుకున్నాను, వాళ్ళకి అన్నం తినిపిస్తూ దయ్యాలనీ దేవదూతల్నీ పుట్టించాను, కుట్టుమిషన్ నేర్చుకున్నాను. అమ్మ వచ్చే వేళకి తలుపు తీసి పెట్టేదాన్ని.

ఏడాది కిందట మేనకోడలితో కలిసి ఆ ఊరు చూసి వచ్చాను. జీవరత్నం అంకుల్ ఇంటి పెరడు ఇప్పుడు కార్లు పెట్టుకునే చోటు. బ్లాకుల ఫ్యాక్టరీ లేదు, రేకుల క్యాంపు లేదు, ఏడుపెంకులాడిన ఇసుక మీద నున్నటి రోడ్డు పరుచుకుంది. శుక్రవారం కూడా అక్కడ పూర్తి సెలవు కాదట ఇప్పుడు. రాజన్న మావయ్య ఆ తర్వాత రెండేళ్ళకో ఏమో ఊరెళ్ళిపోయాడు. ఊరి పేరు గుర్తులేక ఎవరినీ అడగలేకపోయాను. అన్నీ పోగా మిగిలింది ఒక్కటే, పక్క ఊళ్ళో నన్ను వద్దన్న ఆ బడి. అంతస్తులు లేచి, అద్దాలు తొడుక్కుని నిగనిగలాడుతోంది. మేనకోడలు దాని ముందు నాకు ఫొటో తీసింది.

అమ్మ చివరి రోజుల్లో మంచమ్మీద ఉండి ఒకసారి అడిగింది. "ఏమే బుల్లీ, నిన్ను బడి మాన్పించి తప్పు చేశానంటావా? చదువుకునుంటే ఏమయ్యేదానివో."

"కలెక్టర్నయ్యేదాన్ని. నువ్వొచ్చి కూతుర్ని చూడాలంటే బయట బెంచీ మీద కూర్చోబెట్టేవాళ్ళు" అన్నాను.

అమ్మ నవ్వింది. దగ్గొచ్చేదాకా నవ్వింది. నేను ఇప్పటికీ ఆ మాట నలుగురిలో చెప్తుంటాను, బాగానే చెప్తాను. విన్నవాళ్ళు ఎవరూ నవ్వరు. అయ్యో పాపం, చదువు మానేశావా అంటారు.